ఎండడం మానేసిన చెరువు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు కాస్త ఇవతల ఉన్న పాత సాగునీటి చెరువు ఇది. పేరు రాయను. ఊరు, కాలనీ, డబ్బు పెట్టిన కంపెనీ, మధ్యలో వచ్చిన మనుషులు, ఎవరినీ పోల్చుకునే వివరాలు ఇవ్వడం లేదు. ఒకటి రెండు చోట్ల కాలం, కొలతలు కావాలనే కొంచెం మార్చాను. చెరువులు, చిత్తడి నేలల మీద సలహాలివ్వడం నా పని. ఈ కేసులో నా సలహా రెండుసార్లు తప్పింది. అది కూడా రాయాలి కాబట్టే పేర్లు వద్దనుకున్నాను.

పదిహేనేళ్ళ కిందట చలికాలం ఆదివారాల్లో ఈ చెరువు కట్ట మీద పొద్దున ఆరున్నరకే స్కూటర్లు బారులు తీరి ఉండేవి. బైనాక్యులర్స్ పట్టుకోవడం నాలాంటి చాలామంది ఇక్కడే నేర్చుకున్నారు. ఎండ వీపున పడేలా నిలబడితే ఎదురుగా శిఖం వైపు, అంటే చెరువు నీళ్ళు కమ్మే వాలు నేల వైపు, బురద కనిపించేది. దాని మీద లిటిల్ స్టింట్‌లు, వుడ్ శాండ్‌పైపర్లు గింజలు చల్లినట్టు ఉండేవి. మన పెద్దవాళ్ళు వీటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలు అనేవాళ్ళు. లోపలి నీళ్ళలో సూదితోక బాతులు, గార్గనీలు, షోవెలర్లు. కొన్నేళ్ళు బార్ హెడెడ్ గూస్‌లు కూడా దిగేవి. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే ఆ పెద్ద బాతుల్ని చూడ్డానికి వేరే ఊళ్ళ నుంచి జనం వచ్చేవాళ్ళు.

ఇది గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే నీళ్ళు దీంట్లోకి, దీని మత్తడి దుంకితే కింది చెరువులోకి. కట్టకు రెండు తూములు, కింద వరి ఆయకట్టు. ఆ ఆయకట్టు ఇప్పుడు లేదు. అక్కడ నాలుగైదు వెంచర్లు, ఒక స్కూలు, ఒక ఫంక్షన్ హాలు ఉన్నాయి.

సమస్య ఏమని వచ్చింది

కాలనీ సంఘం తరఫున ఒకాయన ఫోన్ చేశారు. "సార్, పిట్టలు రావడం లేదు. చెరువేమో నిండుగానే ఉంది" అన్నారు. మొదటి మాట డైరీలో రాసుకున్నాను, రెండో మాట వదిలేశాను. జవాబు ఆ వదిలేసిన మాటలోనే ఉందని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

వెళ్ళి చూస్తే, నిజానికి పిట్టలు లేకపోలేదు. నీటికాకులు, తెల్లకొంగలు, నారాయణ పక్షులు, నీలి బొల్లికోళ్ళు బాగానే ఉన్నాయి. పొడుగు కాళ్ళ స్టిల్ట్‌లు మునుపటి కంటే ఎక్కువగా కనిపించాయి. పోయినవి కొన్నే, కాకపోతే జనం స్కూటర్లేసుకుని వచ్చింది ఆ కొన్నిటి కోసమే. "పిట్టలు తగ్గాయి" అన్న మాటను అలాగే తీసుకోకుండా ఏవి తగ్గాయని విడదీయాలి. ఆ జాబితా ఆ రోజే రాశాను. రాసి ఫైల్లో పెట్టేశాను, దాన్ని చదవలేదు.

మొదటి ప్రయత్నం: గుర్రపు డెక్క

కంటికి కనిపించిన దోషి మురుగు. రెండు మోరీలు నేరుగా చెరువులో కలుస్తున్నాయి. నీళ్ళ మీద నురగ, మూడో వంతు చెరువు గుర్రపు డెక్క. కట్ట మీద కొత్తగా వేసిన వాకింగ్ ట్రాక్, రాత్రంతా వెలిగే ఎల్ఈడీ లైట్లు, వీధికుక్కలు. కాలుష్యం, అలజడి అని రిపోర్టు రాశాను. గుర్రపు డెక్క తీయించమన్నాను. నీళ్ళు తెరిపి అయితే బాతులు దిగుతాయన్నది నా లెక్క. అప్పటికి అది తప్పు లెక్క అనిపించలేదు. ఆకు కప్పేసిన నీళ్ళలో బాతు దిగదు, ఆ మాట ఇప్పటికీ నిజమే.

కంపెనీ వాళ్ళ సీఎస్ఆర్ డబ్బు, అంటే సామాజిక బాధ్యత కింద ఇచ్చేది, వచ్చే మార్చిలోపు ఖర్చవ్వాలి. టెండరు జరిగి జరిగి మిషన్ జులైలో వచ్చింది. నేను ఆపాల్సింది, ఆపలేదు. ఈసారి వద్దంటే డబ్బు మళ్ళీ రాదేమోనన్న టెన్షన్.

మూడో రోజు గట్టు మీద పోసిన డెక్క కుప్ప పక్కన నడుస్తుంటే ఆకుల మధ్య ఒక గుడ్డు కనిపించింది. రాగి రంగు మీద వార్నిష్ కొట్టినట్టు మెరుపు, దాని మీద నల్ల సిరాతో పసిపిల్లలు గీకినట్టు గీతలు. బ్రాంజ్ వింగ్డ్ జకానా గుడ్డు. ఈ పక్షి తేలే ఆకుల మీదే గూడు పెడుతుంది, అదీ వానాకాలంలో. ఈ జాతిలో పొదిగేది మగపక్షి. అది మిషన్ చుట్టూ అరుస్తూ తిరుగుతోంది. గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. అప్పటికే చల్లబడిపోయింది.

సెప్టెంబరుకల్లా గుర్రపు డెక్క మళ్ళీ కమ్మేసింది. మోరీ నీళ్ళు ఎరువులా అందుతుంటే అది పెరక్క ఏం చేస్తుంది? చలికాలంలో బాతులు రాలేదు. ఉన్న జకానాలు కూడా తగ్గాయి.

రెండో ప్రయత్నం: దీవులు

పిట్టలకు కూర్చునే చోటు లేదు కాబట్టి చోటు కడదామన్నది రెండో ఆలోచన. ఇది నాది కాదు, కానీ నేను సరేనన్నాను. పూడిక మట్టితో జేసీబీతో మూడు దిబ్బలు పోశారు. చుట్టూ కరిగిపోకుండా రాళ్ళు పేర్చారు. ఒడ్డున రంగు రంగుల బోర్డు పెట్టి, ఇక్కడ కనిపించే పక్షులంటూ ఫొటోలు వేశారు. ఆ ఫొటోల్లో సగం పక్షులు ఆ చెరువుకు రావడం మానేసి చాలా ఏళ్ళయింది.

దిబ్బల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకున్నాయి. కొంగలు నిలబడ్డాయి. నెల తిరక్కుండానే కుక్కలు ఈదుకుంటూ వెళ్ళి కాపురం పెట్టాయి. స్టింట్ ఒక్కటీ వాలలేదు. ఎందుకు వాలలేదో అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మట్టి కొత్తది కదా, పురుగు పట్టడానికి టైమ్ పడుతుందని కాలనీ వాళ్ళకు చెప్పాను. అది నేను నమ్మిన మాట కాదు, నోటికి వచ్చిన మాట.

మలుపు: ఒక నోటుబుక్కు

ఈ చెరువుకు ఇరవై ఏళ్ళకు పైగా వస్తున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి తన పాత నోటుబుక్కులు ఇచ్చారు. తేదీ, టైమ్, పక్షుల పేర్లు, సంఖ్యలు. ప్రతి పేజీ మూల చిన్న అక్షరాల్లో "మె 2", "మె 7", "మె 9" అని ఏదో ఉంది. అదేదో చోటు గుర్తు అనుకుని మొదట వదిలేశాను. ఒకరోజు అడిగితే నవ్వారు. "మెట్లండీ. తూములోకి దిగే రాతి మెట్లు ఎన్ని బయటికి కనిపిస్తున్నాయో రాసుకునేవాణ్ణి. ఊరికే, అలవాటు."

ఒక్కో మెట్టు సుమారు అర అడుగు. ఆ రాత్రి కూర్చుని మెట్ల సంఖ్య ఒక వరసలో, ఉల్లంకుల సంఖ్య పక్క వరసలో వేశాను. మెట్లు అయిదు దాటిన రోజుల్లో జాబితాలు పేజీ నిండిపోయాయి. ఒకటి రెండు మెట్లున్న రోజుల్లో కొంగలు, నీటికాకులే. పాత ఏళ్ళలో జనవరికి అయిదు, మార్చికి తొమ్మిది పది మెట్లు. ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చి, చివరి పుస్తకంలో ఏడాది పొడుగునా "మె 1". గూగుల్ ఎర్త్‌లో పాత బొమ్మలు తెరిస్తే అదే కనిపించింది. ఒకప్పటి మార్చి బొమ్మల్లో సగం చెరువు గోధుమ రంగు, ఇటీవలి వాటిలో అంచుదాకా నీళ్ళే.

నాది కొల్లేటి పక్క ఊరు. చిన్నప్పుడు చేపల చెరువుల్లో పట్టుబడి అయ్యాక అడుగు నీళ్ళు తోడేసిన రోజు ఎక్కడెక్కడి పిట్టలూ అక్కడే వాలేవి. నిండుగా ఉన్న పక్క చెరువు కేసి చూసేవి కావు. ఇది తెలిసి ఉండి కూడా రెండేళ్ళు మురుగు చుట్టూ, గుర్రపు డెక్క చుట్టూ తిరిగాను.

మర్నాడు ఊళ్ళో పాత నీరటి, అంటే తూము తీసి పొలాలకు నీళ్ళు వదిలే మనిషి, ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి. "ఎండకాలం వచ్చిందంటే చెరువు ఎండేది సార్. యాసంగికి తూము ఇడిస్తే శివరాత్రి తర్వాత నడిమిట్ల గుంట నీళ్ళే ఉండేవి. ఇప్పుడు యాడ ఎండుతది? కింద పొలాల్లేవు, నన్ను తూము తియ్యమనేటోడు లేడు. మోరీ నీళ్ళు పొద్దుమాపు వస్తనే ఉన్నయి" అన్నాడు. ఇంతకుముందు ఎవరైనా ఇది అడిగారా అంటే, నన్నెవరడుగుతరు సార్ అన్నాడు.

కాళ్ళ పొడుగు లెక్క

అప్పుడు ఆ పాత జాబితా బయటికి తీసి, పక్షుల్ని కాళ్ళ పొడుగు ప్రకారం మళ్ళీ పేర్చాను. స్టింట్ పిచ్చుకంత పిట్ట. దాని కాలు మోకీలు దగ్గర నుంచి పాదం దాకా రెండు సెంటీమీటర్లు. నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ళు దాటితే అది మేయలేదు. స్టిల్ట్ జానెడు లోతులో కూడా మేస్తుంది. తోక పైకి లేపి తల ముంచే సూదితోక బాతుకు అడుగు లోతు మించితే అడుగు మట్టి అందదు. పోయినవి దాదాపు అన్నీ లోతు తక్కువ కావాల్సినవి. మిగిలినవి మునిగేవి, ఆకుల మీద నడిచేవి, పొడుగు కాళ్ళవి. మురుగు మీద వేసిన నేరం పూర్తిగా అబద్ధం కాదు. కానీ పిట్టల్ని పంపేసింది నీళ్ళ మురికి కన్నా నీళ్ళ మట్టం.

పాత కాలంలో వరికి నీళ్ళు వదిలే క్యాలెండరూ పిట్టల క్యాలెండరూ ఒకటే అయ్యాయి. వానలకు చెరువు నిండేది. డిసెంబరు నుంచి తూము తెరిస్తే రోజూ కొంచెం కొంచెం బురద బయటపడేది. స్టింట్‌లు ఆర్కిటిక్ టండ్రాకు తిరిగి బయల్దేరే ముందు, మార్చి ఏప్రిల్ నెలల్లో, ఒంటికి కొవ్వు పట్టించుకోవాలి. సరిగ్గా అప్పటికి బురద ఎక్కువగా, దాంట్లో ఎర్ర పురుగు దండిగా ఉండేది. పిట్టల కోసం ఎవరూ ఏమీ చేయలేదు, రైతు తన వరికి నీళ్ళు పెట్టుకున్నాడంతే.

దీవులు ఎందుకు పనికిరాలేదో కూడా తేలిపోయింది. శిఖం వైపు నేల వంద అడుగులకు ఒక అడుగు వాలు. అక్కడ నీళ్ళు ఒక అడుగు దిగితే వంద అడుగుల వెడల్పు బురద వస్తుంది. నిటారుగా రాళ్ళు పేర్చిన దిబ్బ దగ్గర అడుగు దిగితే వచ్చేది ఒక అడుగే.

శుద్ధి ప్లాంటు కట్టేస్తే సరిపోదా అని కాలనీ వాళ్ళు అడిగారు. కట్టాలి, అందులో రెండో మాట లేదు. కానీ శుద్ధి చేసిన నీళ్ళైనా రోజూ వచ్చి పడుతుంటే మట్టం దిగదు. నీళ్ళు తేటగా ఉంటాయి, స్టింట్‌కు కాలు ఆనదు.

తూము తెరవడం

చెప్పినంత తేలిగ్గా తూము తెరుచుకోలేదు. రికార్డుల్లో ఆయకట్టు ఉన్నట్టే ఉన్నా నేల మీద లేదు. నీళ్ళు ఎవరికి వదులుతున్నామని ఇంజనీరు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పెద్ద తూము కాలువ మీద ఇప్పుడు ఒక వీధి ఉంది, అది తెరిస్తే జనం ఇళ్ళల్లోకి నీళ్ళు. చిన్న తూము కాస్త ఎత్తులో ఉంది, దాని కాలువ కింది నాలాదాకా ఇంకా బతికే ఉంది. దాంతో ఎంత దించినా రెండు అడుగులే దిగుతుంది. పాత తొమ్మిది మెట్లు రావు, నాలుగు వస్తాయి. అదే చాలనుకున్నాం. రెండు అడుగులంటే శిఖం వైపు రెండు వందల అడుగుల బురద.

మత్స్యకారుల సంఘం గట్టిగా వద్దంది. నీళ్ళు దిగితే చేప చస్తుందని భయం. వాళ్ళ సంఘం పెద్దతో మూడుసార్లు కూర్చున్నాను. మూడోసారి ఆయనే దారి చూపించాడు: "సారూ, ఎట్లైనా మేం మార్చిల వల ఏస్తం. నీళ్ళు తక్కువుంటే వలకు చేప బాగ పడతది. మీరు మెల్లగ దించుతనంటే సంఘంల మాట్లాడత." దాంతో కాలం కుదిరింది. జనవరి మొదటి వారంలో మొదలుపెట్టి మార్చి ఆఖరుకు ఆపడం, వారానికి రెండు అంగుళాల చొప్పున దించడం. మెల్లగా దించడానికి చేపల సంగతి కాక వేరే కారణం కూడా ఉంది. ఒక్కసారిగా దించితే బురద ఎండి పగుళ్ళు పడుతుంది, ఎండిన బురదలో పిట్టకు తిండి లేదు. దానికి కావాల్సింది రోజూ జరిగే తడి అంచు.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి. 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో బొట్యులిజంతో, అంటే ఒక బాక్టీరియా విషంతో, వేల పక్షులు చచ్చిపోయాయి. మురుగు పేరుకున్న లోతులేని నీళ్ళు, ఎండ, కుళ్ళిన కళేబరాలు కలిస్తే ఆ బాక్టీరియాకు పండగే. అందుకే ఎండలు ముదిరే లోపే తూము మూసేయాలనుకున్నాం. మెడ వాలేసిన పక్షి ఒక్కటి కనిపించినా ఆ రోజే మూసి, పశువైద్యులకు, అటవీ శాఖకు చెప్పాలని రాసుకున్నాం. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు.

మొదటి ఏడాది దెబ్బ

జనవరి ఆఖరుకు బురద బయటపడింది. వాసన వచ్చింది, పది రోజులు బాగా వచ్చింది. నేను దాన్ని తక్కువ అంచనా వేశాను. కాలనీ వాట్సాప్ గ్రూపులో బురద ఫొటోలు పెట్టి "చెరువును చంపేస్తున్నారు" అని రాశారు. నిండిన చెరువే మంచి చెరువు అన్న మాట మన నరాల్లో ఉంది. ముందే ఒక మీటింగు పెట్టి చెప్పాల్సింది.

అసలు దెబ్బ అది కాదు. ఫిబ్రవరిలో ఒక పొద్దున నీరటి కొడుకు ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే శిఖం అంచున రాత్రికి రాత్రి టిప్పర్లతో పోసిన కూల్చిన గోడల మట్టి, ఇటుక ముక్కలు. నీళ్ళు దిగితే పిట్టలకు బురద కనిపిస్తుందని నేననుకున్నాను, ఇంకొకరికి అక్కడ ప్లాటు కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ భూమికి కాపలా కాసింది మోరీ నీళ్ళేనన్నది ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజే తూము మూయించాం. ఆ సీజన్ అక్కడితో అయిపోయింది.

రెండో ఏడాది

ఈసారి తూము కంటే ముందు హద్దులు. సర్వే చేయించి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు) రాళ్ళు పాతించాం. 10 హెక్టార్లు దాటిన చెరువు కాబట్టి దాని చుట్టూ కట్టడాలకు వీల్లేని 30 మీటర్ల బఫర్ కూడా గుర్తు పెట్టించాం. టిప్పర్లు దిగే వైపు నాలుగు అడుగుల లోతు కందకం తవ్వించాం. దాంతో ఫొటోల కోసం కార్లు బురద అంచుదాకా తెచ్చేవాళ్ళు కూడా ఆగిపోయారు, అది మేం అనుకోని లాభం. రాత్రి కాపలాకు మత్స్యకారుల సంఘం నుంచే ఇద్దరిని జీతానికి పెట్టాం. దీవులకు అయిన ఖర్చు ముందు ఇదంతా చాలా తక్కువ.

ఫిబ్రవరి మొదటి ఆదివారం కట్ట మీద నిలబడ్డాం. మొదట స్టిల్ట్‌లే కనిపించాయి. తర్వాత వాటి కాళ్ళ మధ్య నేల కదులుతున్నట్టు అనిపించింది. స్టింట్‌లు. కుట్టుమిషన్ సూదిలా ముక్కులు టకటకా ఆడుతున్నాయి. వెనక వుడ్ శాండ్‌పైపర్లు, లిటిల్ రింగ్డ్ ప్లోవర్లు, పసుపు వాగ్‌టెయిల్స్. నోటుబుక్కుల పెద్దాయన లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు.

పాత సంఖ్యలు రాలేదు. గార్గనీలు కొద్దిగా వచ్చాయి, సూదితోక బాతులు రెండు వారాలుండి వెళ్ళిపోయాయి. బార్ హెడెడ్ గూస్‌లు రాలేదు, వస్తాయని నేననుకోవడం లేదు. అవి గడ్డి, పైరు మేసే పక్షులు. చెరువులో పగలు విశ్రాంతి తీసుకున్నా, మేతకు చుట్టూ పొలాలుండాలి. ఆ పొలాలు అపార్ట్‌మెంట్లయ్యాక తూము తెరిచి వాటిని రప్పించలేం.

ఇది చదివి ఏ చెరువు దగ్గరైనా తూము తెరిచేయమని అడిగేవాళ్ళుంటారని ఒక మాట. పక్షులు గూళ్ళు పెట్టే చెరువుల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడు కడతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెరువు మధ్య చెట్ల మీద కొంగలు, గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. అక్కడ చెట్టు కింద నీళ్ళే కాపలా. పిల్లలు ఎగిరేలోపు నీళ్ళు దిగితే గూళ్ళు పాడవుతాయి. ఏ పక్షి, ఏ నెలలో, ఎంత లోతు అన్నది తేలాకే తూము జోలికి వెళ్ళాలి. ఇప్పుడు నేను ఏ చెరువుకు వెళ్ళినా మొదట నీరటి ఇల్లెక్కడని అడుగుతున్నాను. నీళ్ళ శాంపిల్ సీసా ఆ తర్వాతే బయటికి తీస్తున్నాను. తూము గోడ మీద రంగుతో అడుగులు, అంగుళాలు రాయించడానికి అయ్యేది ఒక డబ్బా పెయింటు. ఆ పని మొదటి ఏడాదే చేసుంటే జకానా గుడ్డు ఆ కుప్పలో ఉండేది కాదు.

ఇది మూడో సీజన్. పాత ఇంజనీరు బదిలీ అయ్యారు, కొత్తాయన ఫైలు మొదటి నుంచి చదువుతున్నారు. సంతకం ఇంకా కాలేదు. మొన్న వెళితే తూములో ఒక్క మెట్టే బయట ఉంది. బతుకమ్మ ఘాట్ సిమెంటు మెట్ల చివర, అలలు తడిపే బెత్తెడు అంచు మీద, ఆరు స్టింట్‌లు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.